మంగంపేట ఎండలో చాక్లెట్ టిఫిన్

మే నెలలో రైల్వేకోడూరులో కొన్న చాక్లెట్ బార్ మంగంపేట చేరేలోపు కాగితంలోనే ముద్దయిపోతుంది. తప్పు దుకాణందారుది కాదు, కోకో వెన్నది. ఈ వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. చాక్లెట్ తయారీదారులు పట్టుబట్టి తెప్పించే ఐదో రకం సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నోటి వేడి 37 డిగ్రీలు కాబట్టి నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. చాక్లెట్ గొప్పతనమంతా ఆ మూడు డిగ్రీల తేడాలోనే ఉంది. కడప ప్రాంతంలో వేసవి పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు కనుక ఆ గొప్పతనం ఇక్కడ సంచీలోనే ఖర్చయిపోతుంది. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తే చాలామంది బూజనుకుని పారేస్తారు. అది బూజు కాదు, క్రమం తప్పి పేరుకున్న కొవ్వు.

అందుకని ఇక్కడ హాట్ చాక్లెట్ రుచితో పొద్దున్న పాలల్లో వేసుకుని తినే కరకరలాడే టిఫిన్ చేసుకోవాలంటే చాక్లెట్ బార్‌ని మరిచిపోవాలి. కోకో పొడి పట్టుకోవాలి. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. దాన్ని ప్రెస్సులో పిండి తీసేసే పద్ధతికి 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ తీసుకుంది. పిండగా మిగిలిన చెక్కను మెత్తగా పొడి చేస్తే కోకో పొడి. చెనిక్కాయ (వేరుశనగ) నూనె గానుగ చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడ నూనె ముఖ్యం, ఇక్కడ చెక్క కూడా అంతే ముఖ్యం. మామూలు కోకో పొడిలో మిగిలే కొవ్వు 10 నుంచి 12 శాతం. ఆ కాస్త కొవ్వు ఎండకు కరిగినా పొడి రేణువుల్లోనే ఇమిడి ఉంటుంది. మూత గట్టిగా ఉంటే మంగంపేట వేసవిని అది తట్టుకుంటుంది.

ఎండను తట్టుకోవడం మొదటి షరతు. ఇక రెండో షరతు: ధాన్యం వాడకూడదు. పిల్లలు అడిగే చాక్లెట్ సీరియల్ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది గోధుమ పిండి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ సరిపడని సీలియాక్ రోగులకు అవి పనికిరావు. వాళ్లకు వరి, జొన్న, కొర్ర, రాగి భేషుగ్గా పనికొస్తాయి, వాటిలో గ్లూటెన్ లేదు. కానీ గడ్డి జాతి గింజ ఏదీ వద్దనుకునేవాళ్లు వేరే ఉన్నారు. కొందరికి వైద్యుల సలహా, కొందరికి రుచి, కొందరికి గాలివాటం. గడ్డి జాతి కాకపోతే చాలనుకుంటే మనకు దారి విశాలమే. పూజలో పోసే నవధాన్యాల్లో గోధుమలు, వడ్లు తప్ప మిగతా ఏడూ పప్పుజాతి గింజలో నువ్వులో, వాటిలో గడ్డి జాతిది ఒక్కటీ లేదు. నా మటుకు నాకు సంగటి ముద్ద మీద ఏ ఫిర్యాదూ లేదు. ధాన్యం లేకుండా కరకర ఎలా పుడుతుందన్న ప్రశ్నే ఈ వంటకంలో నాకు నచ్చిన భాగం.

అది తెలియాలంటే ధాన్యంతో కరకర ఎలా వస్తుందో ముందు చూడాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమంలో కెల్లాగ్ సోదరులు 1894లో గోధుమ గింజల్ని ఉడికించి, రోలర్ల మధ్య పలచగా నొక్కి, కాల్చారు. అటుకులు ఇంట్లో చేసుకునే మనకు ఇది పెద్ద ఆవిష్కరణగా కనిపించకపోవచ్చు. అయితే కాల్చడమనే చివరి మెట్టు దానికి వేరే జీవితాన్నిచ్చింది. ఉడికినప్పుడు గింజలోని పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బి, కణికలు విచ్చుకుని, జిగురుగా మారుతుంది. ఆ జిగురులోంచి నీటిని వేగంగా లాగేస్తే అణువులు స్ఫటికంగా వరుస కట్టడానికి వ్యవధి దొరకదు. ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. దీన్ని గాజు స్థితి అంటారు. కిటికీ గాజు ఎందుకు పెళుసో కార్న్‌ఫ్లేక్ కూడా అందుకే పెళుసు. పంటికింద అది వంగదు, విరుగుతుంది. ఆ విరుపు చప్పుడే కరకర. కాల్చిన ఫ్లేక్‌లో తేమ 3 శాతం దగ్గర ఉంటుంది. గాలిలోని తేమ పీల్చి అది 7, 8 శాతానికి చేరితే మెత్తబడుతుంది. నీటి అణువులు పెద్ద అణువుల మధ్య దూరి వాటిని కదలనిస్తాయి, గాజు కాస్తా రబ్బరవుతుంది. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి పిండేటప్పుడు మనం చేసేది సరిగ్గా అదే. అక్కడ మెత్తదనం కావాలని చేస్తాం, ఇక్కడ వద్దనుకుంటాం.

ఇదే కెల్లాగ్ సోదరుల్లో వైద్యుడైన జాన్ హార్వే కెల్లాగ్ 1890లలో వేరుశనగ ముద్ద తయారీకి కూడా పేటెంట్ సంపాదించాడు. ఫ్లేకుల పేరు నిలిచింది, ముద్ద సంగతి చాలామందికి తెలియదు. 

ఇప్పుడు ధాన్యం తీసేద్దాం. చెనిక్కాయ గింజలో సగం కొవ్వు, నాలుగో వంతు మాంసకృత్తులు, పిండిపదార్థం బహు తక్కువ. నువ్వులూ అంతే. ఎండు కొబ్బరిలో కొవ్వు ఇంకా ఎక్కువ. వేయిస్తే వీటికి సొంత కరకర ఉంటుంది కానీ ఒకదానికొకటి అతుక్కోవు. అతికించే పని మన ఇళ్లలో ఎప్పుడూ బెల్లానిదే: చెనిక్కాయ ఉంటలు, నువ్వుల ఉంటలు, పట్టీ. ముదురు పాకం చల్లారితే అదీ గాజే. నీళ్లలో వేసిన పాకం చుక్క టక్కున విరగడం చూసి దింపే అమ్మలు గాజు స్థితిని వేలితోనే పరీక్షిస్తున్నారు.

అలాంటప్పుడు పట్టీనే ముక్కలు చేసి పాలల్లో వేసుకోకూడదా? చలికాలంలో వేసుకోవచ్చు. చిక్కు ఎండతో వస్తుంది. ప్రతి గాజు పదార్థానికీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, అది దాటితే మెత్తబడుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న సుక్రోజుకు అది 62, 65 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. గ్లూకోజుకు 31 డిగ్రీలే. ఫ్రక్టోజుకు 5 డిగ్రీలు. బెల్లంలో సుక్రోజుతో పాటు ఆ రెండూ ఉంటాయి, పైగా అవి తేమను ఆబగా పీలుస్తాయి. కొద్దిపాటి తేమ చేరినా సుక్రోజు హద్దు కూడా 40ల్లోకి దిగిపోతుంది. నడి వేసవిలో మన వంటింటి అలమర 40 డిగ్రీలుంటే డబ్బాలోని పట్టీ చేతికి అంటుకోవడంలో వింతేముంది? తేనె వాడితే మరీ కష్టం, అందులో ఫ్రక్టోజుదే పైచేయి. చల్లని దేశాల వంటల పుస్తకాలు ధాన్యం లేని గ్రనోలాకు తేనె చెబుతాయి. వాటిని కడపకు తెచ్చుకోనక్కర్లేదు.

పొడి పిండిపదార్థపు గాజు మెత్తబడాలంటే మాత్రం 200 డిగ్రీలు దాటాలి. కొంత తేమ చేరినా కడప ఎండ దాన్ని కదిలించలేదు. కాబట్టి మనకు పిండిపదార్థం కావాలి, అది గడ్డి గింజలోంచి రాకూడదు.

రైల్వేకోడూరు చుట్టుపక్కల అలాంటి పిండిపదార్థం ఏ తోటలో చూసినా కనబడుతుంది. అక్కడ మామిడి, బొప్పాయితో పాటు అరటి విస్తారంగా పండుతుంది. అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల కూడా ఉంది. పచ్చి అరటికాయ గుజ్జులో నీరు తీసేస్తే మిగిలినదాంట్లో 70 శాతానికి పైన పిండిపదార్థమే. కాయ పండేకొద్దీ అది చక్కెరగా మారిపోతుంది. అందుకే గెలలో ఒక్క కాయ కూడా రంగు తిరగకముందే పనికి దిగాలి. తొక్క తీసి, పలచని చక్రాలుగా కోసి, వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్లలోనో పలచని మజ్జిగలోనో వేయాలి. లేకపోతే కోసిన చోట గాలి తగిలి, కాయలోని ఎంజైము చక్రాలను నల్లబరుస్తుంది. పులుపు దాన్ని అణచిపెడుతుంది. తరువాత ఒరుగుల్లా ఎండబెట్టడమే. ఈ సీమలో ఎండకు కరువేముంది? గాలిలో తేమ తక్కువ, ముక్క వేలితో నొక్కితే టప్పున విరిగేదాకా ఆరుతుంది. మంగంపేటలో ఒక్క జాగ్రత్త అదనం. ముగ్గురాయి గనులు, దాన్ని పొడిచేసే మిల్లుల దగ్గర గాలిలో రాతిదుమ్ము ఉంటుంది, పైన పలచని బట్ట కప్పాలి. ఎండిన చక్రాలను ఇంట్లో మిక్సీలోనే పట్టుకోవాలి. సీలియాక్ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే పిండిమరకు అసలు పంపకూడదు. మనకంటే ముందు అక్కడ గోధుమలు ఆడించి ఉంటారు. గ్లూటెన్ లేదని చెప్పుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్న నిబంధన ముందు ఆ కాస్త పిండీ ఎక్కువే. కిలో కాయలకు 200 గ్రాముల లోపు పిండి వస్తుంది.

అరటికాయ పిండి పొట్లాల మీద జీర్ణం కాని పిండిపదార్థం గురించి, పేగులకు అది చేసే మేలు గురించి గొప్పగా రాస్తారు. పచ్చి పిండి విషయంలో అది నిజమే. దాని కణికలు మన జీర్ణరసాలకు అంత సులువుగా లొంగవు. ఉడికిస్తే కణికలు విచ్చుకుంటాయి, ఆ గుణంలో చాలా భాగం పోతుంది. మనం ఉడికించబోతున్నాం. కాబట్టి ఆ పొగడ్త మన వంటకానికి వర్తించదు.

చెనిక్కాయల దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వంటలో నిజమైన ప్రమాదం అక్కడే ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఆరా తీస్తే వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గరికి దారి వెళ్లింది. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషాలున్నాయి. వాటికే అఫ్లాటాక్సిన్లని పేరు పెట్టారు. అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతాయి. ఈ బూజు గోదాములో తేమ వల్లే వస్తుందనుకుంటాం. వర్షాధార రాయలసీమలో అది నేలలోనే మొదలవుతుంది. కోతకు ముందు మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, ఊడలు పట్టిన కాయకు తనను తాను కాపాడుకునే శక్తి సన్నగిల్లుతుంది, బూజుకు దారి దొరుకుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్న సమస్యల్లో ఇదొకటి. ముడి వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ చెబుతుంది. అంటే ఒక గ్రాములో లక్ష వంతుల్లో ఒకటిన్నర వంతు, కిలో గింజల్లో. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. వేయిస్తే కొంత తగ్గుతుందే గాని పోదు.

ఇంట్లో మన చేతిలో ఉన్న ఆయుధం ఏరడం. ముడుచుకున్నవి, రంగు మారినవి, పొట్టు కింద నల్లబడినవి, పురుగు తొలిచినవి, మొలకెత్తినవి తీసేయాలి. విషం సాధారణంగా కొద్ది గింజల్లోనే దట్టంగా ఉంటుంది, అందుకే ఏరడం ఫలిస్తుంది. చేదుగా తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయాలి. ఏరి పారేసిన తాలు గింజల్ని కోళ్లకూ బర్రెకూ వేసే అలవాటు మానుకోవాలి. బర్రె తిన్న అఫ్లాటాక్సిన్ రూపు మార్చుకుని పాలల్లో మన గ్లాసులోకే వస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 రకం సీమలో ఎక్కువగా దొరుకుతుంది, దానితో చేసుకోవచ్చు. రకం కంటే గింజ నిండుదనం ముఖ్యం.

డబ్బులుంటే సారపప్పు కూడా గుప్పెడు వేసుకోవచ్చు. ఇంగ్లీషువాళ్లు దీన్ని కడప బాదం అన్నారు. నిజానికి బాదానికి చుట్టం కాదు, మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన అడవి చెట్టు గింజ. 1800లో మద్రాసు నుంచి బయల్దేరి దక్షిణాదిని తిరిగిన వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ పేరు మీద దీని ప్రజాతికి బుకనానియా అని పేరు పెట్టారు. కందిగింజంత పప్పు కోసం గట్టి పెంకు పగలగొట్టాలి. ధర అందుకే అంత. పాయసంలో నాలుగు గింజలు వేసుకునే ఈ పప్పును సీరియల్‌లో పోయడం దుబారా అంటే నేను వాదించను.

కోకో మంగంపేటలో పండదు. భూమధ్యరేఖకు ఇటు 20 డిగ్రీలు, అటు 20 డిగ్రీల మధ్య పెరుగుతుంది గనుక అక్షాంశం సరిపోతుంది, వానలు సరిపోవు. దానికి నీడ, తేమ, ఏడాది పొడవునా తడి కావాలి. ఉమ్మడి కడప జిల్లాలో ఏటా పడే వాన 700 మిల్లీమీటర్ల అటూ ఇటూ. కోకోకు కావాల్సిన ఆ నీడ, తేమ, తడి గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో ఉన్నాయి. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి రైతులు కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెడతారు. ఈస్టులు, బ్యాక్టీరియాలు గుజ్జును తినేస్తుంటే పెట్టెలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది, గింజ చచ్చిపోతుంది, దాని లోపలి మాంసకృత్తులు చిన్న ముక్కలవుతాయి. చాక్లెట్ వాసనకు పునాది ఇక్కడ పడుతుంది. పులియని గింజను ఎంత వేయించినా చాక్లెట్ రుచి రాదు. ఆ ముక్కలు చక్కెరలతో కలిసి వేపుడు వేడిలో పైరజీన్లనే వాసన అణువుల్ని పుట్టిస్తాయి. చెనిక్కాయలు వేయించినప్పుడు వంటిల్లు కమ్మగా వాసన వేసేదీ పైరజీన్ల వల్లనే. కోకో, చెనిక్కాయ ఒకదానికొకటి ఇంత బాగా కుదరడంలో ఈ రసాయన బంధుత్వం పాలు పెద్దదే.

కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. బూస్ట్, బోర్న్‌విటా లాంటివి కోకో పొడులు కావు. వాటిలో మాల్ట్ ఉంటుంది, మాల్ట్ అంటే మొలకెత్తించిన ధాన్యం, తరచు బార్లీ. డ్రింకింగ్ చాక్లెట్ పొడిలో చక్కెరే ఎక్కువ. పదార్థాల జాబితాలో కోకో తప్ప ఇంకేమీ లేని పొట్లమే కావాలి.

ఇక చేద్దాం. ఏరి, దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకులుగా దంచిన చెనిక్కాయ గింజలు 100 గ్రాములు, ఎండు కొబ్బరి తురుము 50, నువ్వులు 40, గుమ్మడి గింజల పప్పు 30 గ్రాములు ఒక గిన్నెలో కలిపి పక్కన పెట్టుకోవాలి. ఇంకో గిన్నెలో 60 గ్రాముల అరటికాయ పిండి, 25 గ్రాముల కోకో పొడి, చిటికెడు ఉప్పు, కాస్త దాల్చినచెక్క పొడి. ఉప్పు మానొద్దు, అది కోకో చేదును తగ్గించి తీపిని పైకి తెస్తుంది. బెల్లం తక్కువ పడుతుంది. 60 గ్రాముల బెల్లాన్ని అరగ్లాసు నీళ్లలో, అంటే 100 మిల్లీలీటర్లలో కరిగించి, మట్టి వడగట్టి, తెర్లనివ్వాలి. పాకం అక్కర్లేదు. సలసల కాగుతున్న ఆ నీటిని, చెంచాడు నెయ్యిని కోకో పిండిలో పోసి గబగబా కలపాలి. అరటి పిండిపదార్థం 70, 80 డిగ్రీల మధ్య ఉబ్బి జిగురెక్కుతుంది, నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఈ పని జరగదు, కాల్చినా సుద్దముక్కల్లాగే ఉంటుంది. చిక్కటి జావ అయ్యాక గింజలన్నీ అందులో వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో వీలైనంత పలచగా పరవాలి.

పలచగా అనడం అందం కోసం కాదు. నీరు మధ్యలోంచి పైకి రావడానికి పట్టే సమయం మందంతో పాటు పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. రెండింతలు మందంగా పరిస్తే నాలుగింతలు సమయం పడుతుంది. అప్పటికి పైన మాడుతుంది, లోపల తడి మిగులుతుంది. ఓటీజీ ఉంటే 150 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చి, బయటికి తీసి, చేత్తో ముక్కలుగా విరిచి, తిరగేసి, 110 డిగ్రీలకు తగ్గించి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాలి. రెండో విడత కాల్చడానికి కాదు, ఆరడానికి. కోకో నల్లగా ఉంటుంది గనుక రంగు చూసి మాడిందో లేదో చెప్పలేం, ముక్కునే నమ్మాలి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద సన్నసెగన కొద్దికొద్దిగా పరిచి చేసుకోవచ్చు, ఓపిక కావాలంతే. వేడిగా ఉన్నప్పుడు ముక్క వంగుతుంది. కంగారు పడొద్దు, చల్లారాకే గాజవుతుంది. చల్లారాక కూడా వంగితే లోపల నీరుందని అర్థం, మళ్లీ పొయ్యి ఎక్కించాల్సిందే.

అరటి చక్రాలను ఎండలో పెట్టాం కదా అని తయారైన ముక్కల్ని కూడా మిద్దె మీద ఆరబెట్టకూడదు. వీటిలో కొవ్వు ఎక్కువ. వెలుతురు, వేడి, గాలి మూడూ కలిస్తే ఆ కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది, పాత నూనె వాసన మొదలవుతుంది.

ఇప్పుడు పాల సంగతి. హాట్ చాక్లెట్ రుచి ముక్కల్లోనే కాక పాలల్లోనూ కావాలంటే పాలల్లో కోకో కలపాలి. కలిపి చూడండి, మొదట ఉండలు కట్టి పైన తేలుతుంది, కలియబెట్టాక ఐదు నిమిషాలకు అడుగున పేరుకుంటుంది. కోకో పాలల్లో కరగదు. మొదట తేలడానికి కారణం రేణువుల మీది కొవ్వు పూత, అది నీటిని దగ్గరికి రానివ్వదు. చెంచాడు వేడి పాలతో ముందు ముద్దగా నూరుకుంటే ఆ బెడద పోతుంది. రెండోది, అడుగుకు దిగడం, కాస్త గట్టి సమస్య. దానికి సమాధానం మంగంపేటలోనే ఉంది.

ఇక్కడి ముగ్గురాయిని, అంటే బెరైటీస్‌ని, ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) తవ్వుతుంది. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఇదొకటి. మొదట్లో 7 కోట్ల టన్నులకు పైన ఉన్నట్టు అంచనా వేశారు. ఇది రంగులకూ పోతుంది గాని, ఎక్కువగా పోయేది చమురు బావులకు. మెత్తగా పొడి చేసి బురదలో కలిపి బావిలోకి పంపిస్తే ఆ బరువుకు లోపలి చమురు, గ్యాసు ఎగజిమ్మకుండా అణిగి ఉంటాయి. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ పొడి కూడా కరగదు. పంపు ఆపగానే బావి అడుగుకు దిగిపోవాలి. దిగదు, ఎందుకంటే బురదలో బెంటొనైట్ అనే బంకమన్ను కలుపుతారు. కదలిక ఆగగానే అది పలచటి వలలా బిగిసి ప్రతి రేణువునూ ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. రేణువు కిందికి జారే వేగం దాని సైజు వర్గాన్ని బట్టి, చుట్టూ ఉన్న ద్రవం చిక్కదనాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దంలో స్టోక్స్ లెక్క కట్టాడు. కోకో రేణువును ఇంట్లో ఇంకా చిన్నది చేయలేం. పాలను చిక్కబరచగలం. చాక్లెట్ పాలు అమ్మే కంపెనీలు ఇందుకు సముద్రపు నాచు నుంచి తీసిన క్యారగీనన్‌ను రవ్వంత వేస్తాయి. మనకు అరటికాయ పిండే ఉంది. గ్లాసు పాలకు చెంచాడు పిండి, రెండు చెంచాల కోకో చల్లటి పాలతో కలిపి, కాగే పాలల్లో పోసి ఒక్క పొంగు రానిస్తే చాలు, గ్లాసు అడుగున మడ్డి చేరదు.

ముగ్గురాయి రసాయన రూపమైన బేరియం సల్ఫేటును శుద్ధి చేసి, కడుపు ఎక్స్‌రేకు ముందు రోగులతో నిజంగానే తాగిస్తారు. కొన్నిచోట్ల దానికి చాక్లెట్ రుచి కూడా కలుపుతారు. కరిగే బేరియం లవణాలు విషం. ఇది దాదాపు కరగదు గనుక వచ్చినదారినే బయటికి పోతుంది. అది మందుల కంపెనీలో శుద్ధి అయిన పొడి. మిల్లు దగ్గర దొరికే పొడికి వంటింట్లో పని లేదు.

గిన్నెలో పాలు ముందు పోయాలా, ముక్కలు ముందు వేయాలా అని ఇళ్లలో తగువులుంటాయి. పాలు ముందు. వేడి పాలు చల్లటివాటికంటే వేగంగా ముక్కలోకి చొరబడతాయి, కాబట్టి గోరువెచ్చగా చల్లారాక తినేముందే వేసుకోవాలి. గోధుమ ఫ్లేక్‌తో పోలిస్తే ఇందులో కొవ్వు ఎక్కువ కాబట్టి నీరు లోపలికి పోవడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్త సమయంలోనే తినేయాలి. పాల దగ్గర కూర్చుని ఫోను చూసేవాళ్లకు ఈ టిఫిన్ పనికిరాదు.

బలం లెక్క కూడా చెప్పుకోవాలి. పై కొలతలతో చేస్తే 100 గ్రాములకు దాదాపు 500 కిలోకేలరీలు వస్తాయి, మాంసకృత్తులు 13, 14 గ్రాములు. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌లో కేలరీలు 360 దరిదాపు. అంటే ధాన్యం లేదు గనుక తేలిక తిండి అనుకుంటే పొరపాటు. 40 గ్రాములు, రెండు గుప్పెళ్లు, ఒకరికి ఒక పూటకు చాలు. అందులో బెల్లం 7 గ్రాములకు మించదు, అది మాత్రం కొన్న చాక్లెట్ సీరియల్ కంటే ఖచ్చితంగా మెరుగు. బరువు తగ్గాలని దీన్ని మొదలుపెట్టేవాళ్లకు నేను కొర్ర ఉప్మా చెబుతాను. సీలియాక్ ఉన్న పిల్లవాడికి తోటివాళ్ల చోకోస్ చూసి నోరూరుతుంటే ఇది చెబుతాను. వేరుశనగ పడనివాళ్లు ఆ వంద గ్రాముల బదులు గుమ్మడి, పుచ్చ గింజల పప్పు వేసుకోవచ్చు. నువ్వులు కూడా కొందరికి పడవు, అది ముందే తెలుసుకోవాలి.

గాజు సీసాలో, గట్టి మూతతో, పొయ్యికి దూరంగా, చీకటి అలమరలో పెడితే వేసవిలో రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో ఇంకా ఎక్కువ, కానీ చల్లటి సీసాను తీసిన వెంటనే తెరిస్తే గాలిలోని తేమ ముక్కల మీదే నీరుగా మారుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి మూత తీయాలి. నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాలు కొవ్వు చెడకుండా కొంత అడ్డుపడతాయి. చెనిక్కాయలో తొందరగా చెడేది లినోలిక్ ఆమ్లం. అది తక్కువగా, ఓలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో విడుదలయ్యాయి. విత్తనం మీ ఊరి దాకా వస్తే వాటితో చేసిన సీసా ఎక్కువ కాలం తాజాగా ఉంటుంది. ఏ రకమైనా ముక్కుపుటాలకు పాత నూనె వాసన తగిలిందంటే తినొద్దు.

పారేసేటప్పుడు వీధి కుక్కకు మాత్రం వేయకండి. కోకోలోని థియోబ్రోమిన్‌ను మన ఒళ్లు కొన్ని గంటల్లో వదిలించుకుంటుంది. కుక్క ఒంట్లో అది చాలాసేపు నిలిచి గుండె మీద, నరాల మీద పడుతుంది; కోకో పొడి కొద్దిపాటిదైనా చిన్న కుక్క ప్రాణం తీయగలదు.